గర్భిణుల రక్తహీనత – ఆకులోని ఔషధము

2019–21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలన నివేదికయందు ఒక అంకె మా దృష్టిని విశేషముగ ఆకర్షించినది. మన దేశమున గర్భవతులైన స్త్రీలలో నూటికి 52.2 మంది రక్తహీనతచే బాధపడుచుండిరని ఆ నివేదిక చెప్పుచున్నది. అంతకుముందు 2015–16లో జరిగిన పరిశీలనలో ఈ అంకె 50.4గ నుండెను. అనగా నడుమ గడచిన అయిదాఱేండ్లలో వ్యాధి తగ్గకపోగా కొంచెము పెరిగినదన్నమాట. ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను గూడ ఇది సగమునకు మించియే యున్నది. కావున ఎక్కడనో ఉత్తరాదిని జరుగుచున్న ముచ్చటయని మనము చేతులు దులుపుకొనుటకు వీలులేదు.

ఈ అంకెమీద ఆక్షేపణ లేకపోలేదు. పరిశీలకులు వ్రేలికొనను పొడిచి తీసిన రక్తపుబొట్టును పరీక్షించిరనియు, రక్తనాళమునుండి సూదితో తీసి పరీక్షించినచో వ్యాధిగ్రస్తుల సంఖ్య తగ్గి కనబడుననియు కొందఱు శాస్త్రజ్ఞులు వాదించుచున్నారు. ఎదుటిపక్షపు వాదమును సాంతముగ వినుట వృత్తిరీత్యా మాకు అలవాటు. ఈ వాదములో బలము లేదని మేమనము. కాని పుచ్చుకొన్న సాక్ష్యములో నాలుగవవంతు కొట్టివేసినను, మిగిలిన మూడువంతులే అభియోగము నిలుచుటకు చాలియున్నవి.

రక్తము తక్కువైన స్త్రీకి కాన్పు గండమగుటకు కారణము సులభముగ గ్రహింపదగినదే. ప్రసవసమయమున ఏ తల్లికైనను కొంత రక్తము పోవును. ఆరోగ్యవతియైన స్త్రీ అరలీటరు పోయినను తట్టుకొని లేచి కూర్చుండును. హీమోగ్లోబిను సగమునకు పడిపోయిన స్త్రీకి ఆపాటి నష్టమే ప్రాణాంతకము కావచ్చును. తల్లి బ్రతికి బయటపడినను బిడ్డకు కీడు తప్పదు. నెలలు నిండకుండ పుట్టుట, తక్కువ బరువుతో పుట్టుట, ఒంటిలో ఇనుము నిలువ చాలకుండ పుట్టుట అనునవి ఇట్టి తల్లుల బిడ్డలయందు హెచ్చుగ కనబడును. లక్ష సజీవ జననములకు మరణించు తల్లుల సంఖ్య మన దేశమున 2014–16లో 130 కాగా 2018–20 నాటికి 97కు దిగెను. ఆ తరువాతి లెక్క ప్రకారమే కేరళమున 19, తెలంగాణమున 43, ఆంధ్రప్రదేశమున 45, తమిళనాట 54, కర్ణాటకమున 69, ఒడిషాలో 119గ నుండెను. కాన్పులు ఇండ్లనుండి ఆసుపత్రులకు తరలుట ఈ తగ్గుదలకు ముఖ్యకారణములలో నొకటి. ఇది సంతోషింపదగినదే. కాని ఆసుపత్రి గడప త్రొక్కుసరికే రక్తము హరించిపోయిన తల్లికి ఆ గడియలో వైద్యుడు చేయగలిగినది స్వల్పము. చేయవలసిన పని నెలల క్రితమే, ఒక్కొక్కప్పుడు వివాహమునకు ముందే, మిగిలిపోయి యుండును.

ఇంతకును ఇది కారణము తెలియని వ్యాధి కాదు. మందు దొరకని వ్యాధి కాదు. ఆ మందు ఖరీదైనదియు కాదు. గర్భిణుల రక్తహీనతలో నొక ఘోరమైన భేదమును విడదీసి, దాని మూలము ఆహారములో నున్నదని చూపిన పరిశోధన జరిగినది మన దేశమునందే. ఆ వృత్తాంతములో బొంబాయి బట్టల మిల్లులు గలవు. నీలగిరులలోని కూనూరు గలదు. మన చెన్నపురియందలి ఘోషా ఆసుపత్రి గలదు. తుదకు పశ్చిమగోదావరిలోని భీమవరము గూడ గలదు. దానిని పాఠకులకు కొంచెము వివరముగ మనవిచేయ దలచినాము.

1920వ దశకమున బొంబాయిలో భారత పరిశోధన నిధి సంఘమువారు ప్రసూతి మరణములను గూర్చి విచారణ నడపుచుండిరి. నేటి భారత వైద్య పరిశోధన మండలికి ఆ సంఘమే పూర్వరూపము. బట్టల మిల్లులలో పనిచేయు బీద స్త్రీలు నిండునెలలలో నున్నట్టుండి పాలిపోయి, కాళ్లు వాచి, నాలుగడుగులు వేసినంతనే ఆయాసపడి, కాన్పునకు ముందో వెనుకనో మరణించుచుండిరి. ఆ మిల్లులలోనే కరీంనగరము, నల్లగొండ ప్రాంతములనుండి పొట్టచేతబట్టుకొని పోయిన మన పద్మశాలి కుటుంబములును మగ్గములు నడపుచుండెను. ఈ వ్యాధి అంతు తేల్చుటకై, భారతదేశమున చిరకాలము ప్రసూతివైద్యము చేసిన డాక్టరు మార్గరెట్ బాల్ఫర్ ఆహ్వానముపై, 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు పరేలులోని హాఫ్కిన్ సంస్థకు వచ్చెను. ఆమె 1888లో జన్మించినది. కేంబ్రిడ్జిలో వృక్షశాస్త్రమును భూగర్భశాస్త్రమును చదివి, పిదప లండనులోని స్త్రీల వైద్యకళాశాలలో చేరి 1920లో వైద్యపట్టము పొందినది. రోగులకు చికిత్స చేసి ధనమార్జించుటకంటె ప్రయోగశాలలో కూర్చుండి రక్తమును పరీక్షించుటయే ఆమెకు ప్రియమైన వృత్తి.

ఆమె సూక్ష్మదర్శినిలో చూచినదేమి? ఈ స్త్రీల రక్తములో ఎఱ్ఱకణములు సంఖ్యలో బహుతక్కువ. కాని ఉన్నవి ఉండదగిన పరిమాణముకంటె పెద్దవి. ఇనుము కొఱవడినప్పుడు కలుగు రక్తహీనతలో కణములు చిన్నబోవును. ఇది దానికి విరుద్ధము. ఇట్టి పెద్దకణముల రక్తహీనత అప్పటికే ఐరోపా వైద్యులకు వేఱొక రూపమున తెలిసియుండెను. అది వయసు మళ్లినవారికి వచ్చి మెల్లగా చంపు వ్యాధి. దానికి పచ్చి కాలేయము తినిపించినచో గుణమిచ్చునని 1926లో అమెరికాలో మైనటు, మర్ఫీ అను వైద్యులు కనుగొనియుండిరి. బొంబాయి స్త్రీలది గూడ అదే వ్యాధి యనుకొనుట సులభము. విల్స్ అట్లనుకొనలేదు. ఆ వ్యాధిలో జీర్ణాశయమునందు ఆమ్లము పుట్టదు, నరములు చెడును. ఈ స్త్రీలలో ఆ లక్షణములు లేవు. అదిగాక ఐరోపాలో అది ముసలివారి వ్యాధి. ఇక్కడనో పడుచు తల్లుల వ్యాధి, అందును బీదల యిండ్లకే వచ్చు వ్యాధి.

కావున ఆమె రోగులను విడిచి వారి వంటిండ్లకు పోయెను. డాక్టరు తల్పాడేతో గలసి బొంబాయి స్త్రీల ఆహారమును, నివాసములను పరిశీలించెను. పాలు, పండ్లు, ఆకుకూరలు ఎరుగని భోజనము చేయువారిలో, ముఖ్యముగ బీద ముసల్మాను స్త్రీలలో, ఈ వ్యాధి ఉద్ధృతముగ నుండెను. వారు తినునట్టి భోజనమునే ఎలుకలకు పెట్టి చూడగా చూలుతో నున్న ఎలుకలు రక్తము క్షీణించి మరణించెను. భోజనమున ఈస్టు కలిపినచో బ్రతికెను. ఈస్టనగా రొట్టెపిండిని పొంగించునదియు, బీరు పులియునట్లు చేయునదియు నైన సూక్ష్మజీవి. అయితే ఎలుకలకు పేలు పట్టి వానివలన వేఱొక జబ్బు సోకుటచే ఆ ఫలితము శంకాస్పదమయ్యెను. సాక్ష్యము కలుషితమైనప్పుడు దానిని పట్టుకొని వ్రేలాడక మరల మొదటినుండి విచారించుట ఉత్తమ న్యాయాధికారి లక్షణము. విల్స్ కోతులతో ప్రయోగమును తిరిగి ప్రారంభించెను. ఆ ప్రయోగములలో జబ్బుపడిన కోతికి మార్మైటు పెట్టగా అది ఆశ్చర్యకరముగ కోలుకొనెను. మార్మైటనగా బీరు కాచిన తొట్టి అడుగున మిగులు ఈస్టునుండి తీసిన నల్లని లేహ్యము. ఆంగ్లేయులు రొట్టెకు పూసుకొని తినునది, కిరాణా దుకాణములో దొరకునది.

కోతికి పనిచేసినది మనుష్యులకును పనిచేసెను. మంచము పట్టిన స్త్రీలకు మార్మైటు ఇచ్చిన కొలది దినములకే రక్తములో క్రొత్తకణములు పుట్టుటయు, ఆకలి తిరిగివచ్చుటయు ఆమె కనులార చూచెను. ఈ సంగతి 1931 జూనులో బ్రిటిష్ మెడికల్ జర్నలులో ప్రకటింపబడెను. అటుపిమ్మట ఆమె నిరూపించిన విషయము మఱింత సూక్ష్మమైనది. మా యభిప్రాయమున అదియే ఆమె ప్రతిభకు గీటురాయి. శుద్ధిచేయని ముడి కాలేయరసము ఈ స్త్రీలకు గుణమిచ్చెను. కాని ముసలివారి వ్యాధికి అమోఘముగ పనిచేయు శుద్ధ కాలేయరసము వీరియందు నిష్ఫలమయ్యెను. అనగా శుద్ధిచేయునప్పుడు ఏదియో యొకటి తొలగిపోవుచున్నది. ఆ తొలగిపోవునదే ఈ తల్లులకు కావలసినది. అదియే ఈస్టులో గలదు. ఇట్లు రెండు వ్యాధులు రెండు వేర్వేఱు లోపములవలన కలుగునని తేలెను. పేరు తెలియని ఆ పదార్థమును చిరకాలము శాస్త్రజ్ఞులు విల్స్ పదార్థమనియే వ్యవహరించిరి.

1929లో కొన్ని నెలలు ఆమె కూనూరులోని పాస్చూరు సంస్థకు పోయి పనిచేసెను. పోషకాహార పరిశోధనకు అధ్యక్షులైన సర్ రాబర్టు మెకారిసన్ అప్పుడచట నుండిరి. వారి పోషకాహార పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి నేడు జాతీయ పోషకాహార సంస్థయను పేర వెలయుచున్నది. 1931 ఆరంభమున విల్స్ మన నగరమునకు వచ్చి, నేడు కస్తూరిబాగాంధీ పేర నున్న చేపాక్కములోని స్త్రీల ఆసుపత్రిలో పరిశోధన జరిపెను. పురుషవైద్యుల ఎదుటికి రాని స్త్రీలకొఱకు డాక్టరు మేరీ షార్లీబు 1885లో దానిని స్థాపించిరి. ఇప్పటి భవనమునకు వేంకటగిరి రాజావారు లక్షరూపాయలు విరాళమిచ్చిరి. తెలుగు ప్రభువు ధనముతో లేచిన గోడల నడుమ తెలుగు, తమిళ తల్లుల రక్తము పరీక్షింపబడి, లోకమునకుపకరించు శాస్త్రములో నొక భాగము తయారైనదని, ఆ బాటను మోటారులలో పోవు మనవారిలో ఎందఱెఱుగుదురు?

విల్స్ పదార్థమునకు పేరును రూపమును వచ్చుటకు మఱి పదునాలుగేండ్లు పట్టెను. 1941లో అమెరికాలోని టెక్సాసున శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి సూక్ష్మజీవులకు పుష్టినిచ్చు ఒక ఆమ్లమును తీసి, లాటినులో ఆకునకుగల పేరునుబట్టి దానిని ఫోలిక్ ఆమ్లమనిరి. పత్రామ్లమని మనము తెలుగు చేసికొనవచ్చును. దానిని స్ఫటికరూపమున వేఱుచేయుటయు, పిదప దాని నిర్మాణము తెలిసికొని 1945లో కృత్రిమముగ తయారుచేయుటయు న్యూయార్కు రాష్ట్రములోని లెడర్లీ పరిశోధనశాలలో జరిగిన పనులు. ఆ శాలలో పరిశోధనకు అధ్యక్షులు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారిని గూర్చి తెలుగువారికి క్రొత్తగ చెప్పనక్కఱలేదు. 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించి, ఈ నగరములోని హిందూ ఉన్నత పాఠశాలలోను వైద్యకళాశాలలోను చదివి, డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించి, అటనుండి అమెరికాకు పోయిరి. అయితే వారి జీవితములోని ఒక విషయము ప్రస్తుతమునకు మిక్కిలి సంబంధించియున్నది. వారి సోదరులిరువురు ఎనిమిది దినముల వ్యవధిలో స్ప్రూ అను ప్రేవుల వ్యాధిచే మరణించిరి. వారికి గూడ ఆ జబ్బు సోకి తప్పినది. స్ప్రూలో ప్రేవులు ఆహారసారమును పీల్చుకొనజాలవు. అందుచే ఆకులోని ఈ ఆమ్లము ఒంటబట్టక, విల్స్ చూచిన గర్భిణులకువలెనే రక్తములో పెద్దకణములు కనబడును. 1945–46 సంవత్సరములలో అమెరికా వైద్యుడు టామ్ స్పీస్ ఈ క్రొత్తమందును పెద్దకణముల రక్తహీనతకును, స్ప్రూకును ఇచ్చి ఫలితము చూపెను. సోదరులను బలిగొన్న జబ్బునకు మందు, బొంబాయి తల్లులను బలిగొన్న జబ్బునకు మందు ఒక్కటే. అది సుబ్బారావుగారి శాలనుండి వెలువడెను. 1948లో వారు స్వర్గస్థులైరి. మన సభలలో వారి పేరు టెట్రాసైక్లిను జాతి మందుతోను, కాన్సరు మందుతోను ముడివడి వినబడునుగాని గర్భిణీస్త్రీలతో ముడివడి వినబడుట అరుదు. మా దృష్టిలో వారి ఋణము ఎక్కువగ మోయుచున్నవారు తల్లులే.

ఈ ఆమ్లము చేయు పని యేమనగా, కణము రెండుగ విడివడుటకు కావలసిన సామగ్రిని సమకూర్చుట. అది లేనప్పుడు ఎముకల మూలుగలోని కణము పెరుగునుగాని విడివడజాలదు. అందుకే విల్స్ చూచిన కణములు పెద్దవిగ, తక్కువగ నుండెను. కడుపులో బిడ్డ పెరుగుటయనగా కణములు ఎడతెగక విడివడుటయే గనుక గర్భిణికి దీని అవసరము మిక్కుటము. దీనికి విరోధముగ పనిచేయు మందులను గూడ లెడర్లీవారే చేసిరి; వాని సంతతిలోనిదైన మెథోట్రెక్సేటును, గర్భాశయమునకు వెలుపలి నాళమున నిలిచి తల్లి ప్రాణమునకు ముప్పుతెచ్చు గర్భమును కరిగించుటకు నేడు ప్రసూతి వైద్యులు వాడుచున్నారు.

ఈ ఆమ్లము కొఱవడినచో తల్లికే గాక పిండమునకును అంగవైకల్యము కలుగునేమోయను శంకను 1965లో ఇంగ్లండున హిబ్బార్డు, స్మిథెల్సు అను వైద్యులు వెలిబుచ్చిరి. పిండమునందు మెదడును వెన్నుపామును ఏర్పఱచు నాడీనాళము గర్భము నిలిచిన 28 దినములలోపల మూసికొనవలెను. మూసికొననిచో కొందఱు శిశువులు పుఱ్ఱె లేక పుట్టి వెంటనే మరణింతురు. కొందఱు వెన్ను చీలి, కాళ్లు చచ్చుబడి జీవింతురు. దీనిని తేల్చుటకు బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి ఏడు దేశములలోని 33 కేంద్రములలో, అంతకుముందు ఇట్టి బిడ్డను కన్న 1,817 మంది స్త్రీలను చీట్లు వేసినట్లు భాగములుగ విభజించి, కొందఱికి ఫోలిక్ ఆమ్లమిచ్చి, కొందఱికి ఇయ్యక పరీక్షించినది. 1991లో ఫలితము తెలిసెను. వైకల్యముతో ఏర్పడిన 27 పిండములలో ఆమ్లము పుచ్చుకొన్నవారివి ఆఱు, పుచ్చుకొననివారివి ఇరువదియొకటి. నూటికి 72 వంతుల రక్షణ! ఇక మందు నీయకుండుట ధర్మము కాదని పరీక్షను మధ్యలోనే నిలిపివేసిరి. మన దేశమున జరుగుచున్న ఇట్టి పరీక్షయు అంతటితో నాగినది. 1998 నుండి అమెరికా తన గోధుమపిండియందు ఈ ఆమ్లమును తప్పక కలుపవలెనని శాసించెను. పరీక్ష జరిపిన బ్రిటనే ముప్పదియేండ్లు తర్జనభర్జనలు పడి 2021లో సమ్మతి తెలిపి, 2024లో నిబంధన చేసెను. కావున ప్రభుత్వముల జాగు మన దేశమునకే ప్రత్యేకమైన గుణమని ఎవ్వరును గర్వింపనక్కఱలేదు.

ఆ యిరువదియెనిమిది దినముల మాటను పాఠకులు మఱువకుందురు గాక. తాను గర్భవతినని స్త్రీ తెలిసికొనుసరికే ఆ గడువు తీరుచుండును, లేదా తీరిపోయియుండును. మన ప్రభుత్వము 1970 నుండి గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల మాత్రలను ఉచితముగ పంచుచున్నది. ఇది మెచ్చదగిన కార్యము. కాని ఆ మాత్రలు ప్రారంభమగునది నాలుగవ నెలనుండి. మొదటి మూడునెలలకు ఫోలిక్ మాత్ర వేఱుగ విధింపబడియున్నను, 2019–21 నివేదిక ప్రకారము మూడునెలలలోపల ఆసుపత్రికి వచ్చినవారే నూటికి 70 మంది. అందును మొదటి నెలలో వచ్చువారెవరు? తలుపు మూసిన తరువాత తాళపుచెవి నిచ్చినట్లున్నది ఈ యేర్పాటు.

ఇచ్చిన మాత్రలైనను కడుపులోనికి పోవుచున్నవా యన్నది రెండవ ప్రశ్న. నూఱు దినములు లేక అంతకు మించి మాత్రలు పుచ్చుకొన్న తల్లులు నూటికి 44.1, విధింపబడిన నూటయెనుబది దినములు పుచ్చుకొన్నవారు 26 మంది మాత్రమే. తక్కిన మాత్రలు అటకలమీదను, పాతచీరల మడతలలోను నున్నవనుకొనవలెను. దీనికి స్త్రీలను నిందించుట మాకు సమ్మతము కాదు. ఇనుపమాత్ర వికారము కలిగించును, మలబద్ధము చేయును, మలము నల్లబడును. బిడ్డ నల్లగా పుట్టునను భయమొకటి. మొదటి వారములో కలుగు వికారము తగ్గునని, భోజనముతో టీ త్రాగినచో ఇనుము ఒంటబట్టదని, మలము నల్లబడుట దోషము కాదని కూర్చుండబెట్టి చెప్పుటకు అయిదు నిముషములు చాలును. వందమంది వరుసలో నిలిచిన ఆసుపత్రిలో ఆ అయిదు నిముషములే కఱవు.

ఇక మూడవ విషయము. మాత్రలను కుమ్మరించుటతో పని ముగియదని మహారాష్ట్రమునుండి ఒక హెచ్చరిక వచ్చియున్నది. పూనాలోని కె.ఇ.ఎం. ఆసుపత్రికి చెందిన డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, వారి సహచరులు 1993 నుండి పూనా సమీప గ్రామములలోని తల్లులను, వారి బిడ్డలను వెంబడించి పరిశీలించుచు వచ్చిరి. 2008లో వారు ప్రకటించిన వ్యాసములో, ఆ తల్లులలో మూడింట రెండువంతుల మందికి బి12 అను విటమిను కొఱవడియుండెననియు, ఫోలిక్ ఆమ్లము తక్కువైనది మాత్రము ఒక్కరికే ననియు తేలినది. బి12 తక్కువయై ఫోలిక్ ఆమ్లము హెచ్చుగనున్న తల్లుల బిడ్డలయందు ఆఱవయేటనే మధుమేహమునకు దారితీయు లక్షణములు కనబడినవి. బి12 ఆకులలో నుండదు. పాలు, గ్రుడ్లు, చేపలు, మాంసములలో నుండును. ముసలివారి రక్తహీనతను మాన్పిన శుద్ధ కాలేయరసములోని గుణము ఈ బి12 వలననే. విల్స్ రెండు వ్యాధులను వేఱుపఱచి చూపినను, మన పథకములు వానిని మరల ఒక్కటిగ కలిపివేయుచున్నవి.

బియ్యములో ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి12 కలిపి చౌకడిపోల ద్వారా పంచు పథకమును 2028 డిసెంబరు వఱకు సాగింప కేంద్ర మంత్రివర్గము 2024 అక్టోబరులో నిశ్చయించెను. మేము దీనిని వ్యతిరేకింపము. కాని కొంచెము లెక్క కట్టి చూచితిమి. నిబంధన ప్రకారము కిలో బియ్యములో ఫోలిక్ ఆమ్లము 75 మొదలు 125 మైక్రోగ్రాములు. దినమునకు పావుకిలో బియ్యము తిను స్త్రీకి దానివలన లభించునది 19 మొదలు 31 మైక్రోగ్రాములు. గర్భము ధరింపబోవు స్త్రీకి మందురూపమున వైద్యులు విధించునది 400. ఇది చాలునని తలచి మాత్రలను, కూరలను ఉపేక్షించినచో అడుగడుగునను నష్టపడుదుము.

కూరలమాట వచ్చినది గనుక ఒక సంగతి. తోటకూర, బచ్చలి, పాలకూర, పెసలు, శనగలు, అలసందలు ఈ ఆమ్లమునకు పుట్టినిండ్లు. కాని కూరను ఉడికించి ఉడికించి ఆ నీటిని పాఱబోసినచో ఆమ్లములో చాలభాగము ఆ నీటితోనే పోవును. మన అమ్మమ్మలు పప్పులో ఆకుకూర వేసి నీరు పోనీయక వండుట ఏ శాస్త్రము చదివి కాదు. అయినను శాస్త్రమునకు సరిపోయినది. నేడు నగరములలో చుక్కకూరకట్ట ధర విని వెనుకకు తిరుగు కూలిస్త్రీకి ఈ సలహా చెప్పుట మాత్రము క్రూరత్వమే యగును. బొంబాయిలో విల్స్ చూచినది గూడ అజ్ఞానమును కాదు, లేమిని. ఆమె తరువాత లండనులోని చెల్సీలో లేబరు పక్షమున పురపాలక సభ్యురాలైనదన్న, మాకు ఆశ్చర్యము కలుగలేదు.

ఈ పత్రిక పాఠకులలో వైద్యులు, న్యాయవాదులు, ఉద్యోగులు పెక్కుఱు గలరు. వారి యిండ్లలో కోడండ్రకును కూతుండ్రకును వివాహముతోడనే ఫోలిక్ మాత్ర ప్రారంభించుట కొందఱు నేర్చిరి, సంతోషము. ఆ యింటనే అంట్లు తోమి, బట్టలుతుకు పడుచుకు ఆ మాట చెప్పినవారెందఱు? షోలాపురమున బీడీలు చుట్టు తెలుగు స్త్రీలకు, భీవండిలో మరమగ్గముల నడుమ కాపురముండు మన పద్మశాలి కోడండ్రకు తెలుగుభాషలో ఆ మాట చెప్పు డాక్టరు వారి వీధికి వచ్చునా? రాష్ట్రేతరాంధ్ర సంఘములు కొన్ని ప్రతి జనవరి 12వ తేదీన సుబ్బారావుగారి చిత్రపటమునకు పూలమాల వేసి, ఉపన్యాసములిచ్చి, ఫలహారములతో ముగించుచున్నవి. ఆ దినముననే ఆ హాలులోనే వీధివీధినుండి క్రొత్తపెండ్లికూతుండ్రను, వారి అత్తగార్లను గూడ పిలిచి, ఒక లేడీడాక్టరుచేత రక్తము పరీక్షింపజేసి, బి12 సంగతియు విచారించి, మూడునెలలకు సరిపడ ఫోలిక్ మాత్రలను చేతికిచ్చి, ఏప్రిలులో తిరిగి రమ్మని పేర్లు వ్రాసికొనుటకు అయ్యెడు ఖర్చు ఆ దినపు ఫలహారముల ఖర్చును మించునేమో కార్యదర్శులు లెక్కచూచి చెప్పుదురని కోరుచున్నాము.